ప్రార్థనకు మోకరిస్తే మాట రావడం లేదు

ప్రశ్న: అమ్మా, వందనాలు. మాది గుంటూరు దగ్గర పల్లె. నాకు 28 ఏళ్లు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాన్న మా లూథరన్ సంఘంలో పెద్ద. ఆఫీసు టెన్షన్‌తో నిద్ర పట్టక మొన్న సెప్టెంబరులో పది రోజుల విపశ్యన మౌనధ్యానం కోర్సుకు వెళ్లాను. ఫోనుతో పాటు బైబిలు కూడా అక్కడ ఇచ్చేయాల్సి వచ్చింది. మొదటి రాత్రే అందరితో కలిసి ‘బుద్ధం శరణం గచ్ఛామి’ అన్నాను. కోర్సు వల్ల మేలు జరిగింది, అబద్ధం చెప్పను. కానీ తిరిగొచ్చినప్పటి నుంచి ప్రార్థనకు మోకరిస్తే మాట రావడం లేదు. వచ్చినా కిరాణా కొట్టు చీటీ చదువుతున్నట్టు ఉంటోంది. నా రూమ్మేట్ అంబేడ్కర్‌వాది. "మన పూర్వీకులు బౌద్ధులు. తెల్లదొరలిచ్చిన మతం నీకెందుకు? బౌద్ధం తీసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ కూడా నిలబడుతుంది" అంటాడు. నాన్నేమో డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పమంటున్నారు. నేను పాపం చేశానా? బుద్ధుణ్ణీ యేసునూ ఇద్దర్నీ పట్టుకుని బతకొచ్చా?
– పేరు వద్దన్న పాఠకుడు

సమాధానం: నాయనా, వందనాలు. నా చిన్నకొడుకు నీకంటే ఏడాది పెద్ద. అందుకని ‘నువ్వు’ అనే రాస్తున్నాను, ఏమనుకోకు.

ముందు నా సంగతి. మాది ఒంగోలు వైపు, బాప్తిస్టులం. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. పన్నెండేళ్ల కిందట నేనూ ఆ పది రోజులు కూర్చున్నాను. అందుకే ‘బైబిలు ఇచ్చేయాల్సి వచ్చింది’ అని నువ్వు రాసిన చోట నాకు ఆ కౌంటరు కళ్లకు కట్టింది. నాది మా అమ్మ బైబిలు. జిప్పు కవరు, ఆ జిప్పు కూడా సగంలో ఆగిపోతుంది. కీర్తనల దగ్గర ఎప్పటిదో మట్టల ఆదివారం నాటి ఈతాకు సిలువ. అక్కడ సేవకు వచ్చిన పిల్ల దాన్నీ, నా ఫోన్నీ, బ్యాంకు కార్డునూ ఒకే గుడ్డసంచిలో వేసి, చీటీ మీద ‘ఫోన్ 1, కార్డు 1, బుక్ 1’ అని రాసిచ్చింది. బుక్ 1! ఏళ్ల తరబడి మా అమ్మ తలగడ కింద ఉన్న పుస్తకం. ఆ పిల్ల తప్పేం లేదు. ఏ మతం వాళ్లయినా సరే, ఆ పది రోజులు జపమాలలు, తాయెత్తులు, పూజలు, ప్రార్థనలు పక్కన పెట్టాలని వాళ్లు ముందే కాగితం మీద ఇస్తారు. సంతకం పెట్టిందీ నేనే. అయినా మనసు చివుక్కుమంది.

ఆ రాత్రి శరణాల దగ్గర నేను నోరు విప్పలేదు. నువ్వు విప్పావు. మర్నాడు మధ్యాహ్నం అక్కడి ఆచార్యురాలిని అడిగితే, "ఒక వ్యక్తిని శరణు వేడటం లేదమ్మా, జ్ఞానోదయం అనే గుణాన్ని శరణంటున్నాం" అని ఓపిగ్గా చెప్పారు. ఈ కోర్సుల గురువు గోయెంకా గారు చెప్పేదీ అదే. వాళ్లు నిజాయతీగానే చెప్పారు గానీ నాకు పూర్తిగా సరిపోలేదు. తరతరాలుగా బౌద్ధులు బౌద్ధులయ్యేది బుద్ధం, ధమ్మం, సంఘం శరణమనే ఆ మూడు వాక్యాలతోనే కదా. మన బాప్తిస్మాన్ని ఎవరైనా "ఏం లేదండీ, శుభ్రత అనే గుణం" అని సర్దిచెబితే మనకెలా ఉంటుంది? ఆ మాటకు వాళ్లు ఇచ్చే బరువు మనమూ ఇవ్వాలి.

అంత బరువు ఇచ్చాక కూడా నువ్వు పాపం చేశావని నేను అనుకోవడం లేదు. రాజుల రెండో గ్రంథం అయిదో అధ్యాయం తీసి చూడు. కుష్ఠు నయమైన సిరియా సేనాపతి నయమాను ఊరికి తిరిగి వెళ్తూ ఎలీషా ప్రవక్తతో ఒక ఇబ్బంది చెప్పుకుంటాడు. మా రాజు రిమ్మోను గుళ్లో మొక్కేటప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, అప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, ఆ ఒక్క విషయంలో నన్ను క్షమించాలి అంటాడు. ప్రవక్త దానికి ప్రసంగం చెయ్యడు, హెచ్చరిక చెయ్యడు. మనశ్శాంతితో వెళ్లమంటాడు. ఇన్నేళ్లుగా చర్చికి వెళ్తున్నాను, ఆ వాక్యం మీద ఒక్క ప్రసంగమూ వినలేదు. వింటే బాగుండేది. నువ్వు యేసును వదిలేద్దామని ఆ మాట అనలేదు. నిద్రలేని కళ్లతో, అంతమంది మధ్య కూర్చుని, ఏదో ఒకటి ఆదుకుంటే చాలని అన్నావు. యేసు శిష్యుడు పేతురు చలిమంట కాచుకుంటూ మూడుసార్లు ఆయనెవరో ఎరగనన్నాడు. తర్వాత తన గొర్రెల్ని మేపమని యేసు చెప్పింది అతనికే.

ఇక ప్రార్థన. నీ ఉత్తరంలో నన్ను పట్టి కూర్చోబెట్టింది ఇదే.

పది రోజులు మాట లేకుండా ఉండి వచ్చినవాడికి తన మాటలు తనకే గట్టిగా వినపడతాయి. మన తెలుగు క్రైస్తవుల ప్రార్థన ఎలా ఉంటుందో నీకు తెలుసు. అప్పటిదాకా "ఏమే, కూర మాడుతోంది చూడు" అన్న మనిషి కళ్లు మూసుకోగానే "ప్రేమా కనికరములు గల మా పరలోకపు తండ్రీ, గడచిన దినములన్నియు నీ రెక్కల చాటున కాచి కాపాడిన దేవా" అంటూ మా తాతల నాటి తెలుగులోకి వెళ్లిపోతాడు. ఆ తర్వాత జాబితా. జబ్బులు, ఉద్యోగాలు, వీసాలు, పెళ్లి కాని పిల్లలు, ఇంటి లోను. వెక్కిరించడం లేదు, ఆ జాబితాలోనే నేను పెరిగాను. నా పేరు రోజూ అందులో చదవబట్టే నాకు టీచరు ఉద్యోగం వచ్చిందని మా నాన్న చివరిదాకా నమ్మాడు. కానీ మూడున్నర రోజులు ముక్కు కింద గాలి తగిలే చోటు తప్ప ఇంకేదీ పట్టించుకోకుండా కూర్చుంటే, ఆ జాబితా వెనకాల ఉన్న కంగారు బయటపడుతుంది.

నాకది నాలుగో రోజు బయటపడింది. హాల్లో ఆడవాళ్ల వైపు మూడో వరుస. ఎడమ చెంప మీద దోమ వాలింది. కదలొద్దని అప్పుడే చెప్పారు. అది కుట్టి పోయాక దురద మొదలైంది, పెరిగింది, చెవి వైపు జరిగింది, ఇక చెయ్యి లేస్తుందనగా తగ్గింది, పోయింది. అంతా కలిపి రెండు నిమిషాలు ఉంటుందేమో. ఒక దురదను మొదటి నుంచి చివరిదాకా చూడటం నా జీవితంలో అదే మొదటిసారి. మా ఇంటి హాల్లో క్యాలెండరు మీద ఏటా ఉండే వాక్యం ఒకటుంది, ‘ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి’. నలభై ఆరో కీర్తన. (అసలు సందర్భం యుద్ధాలు మాన్పించడం. టీచర్ని కదా, సందర్భం చెప్పకపోతే ఊరుకోలేను.) ‘నేనే దేవుడను’ గురించి బోలెడు విన్నాను. ‘ఊరకుండుడి’ అంటే ఏమిటో మాత్రం ఆ దోమ చెప్పేదాకా తెలీలేదు.

కాబట్టి మాట రానప్పుడు బలవంతాన లాగకు. మోకరించి, పది నిమిషాలు ఏమీ అనకు. తర్వాత ఒక్క వాక్యం, మీ అమ్మతో మాట్లాడే తెలుగులో. అదీ రాకపోతే ఆమెన్ అని లేచిపో. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో పౌలు, ఎలా ప్రార్థన చెయ్యాలో మనకు తెలియదనీ, ‘ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో’ ఆత్మే మన తరఫున అడుగుతుందనీ అంటాడు. మూలుగు చాలని చెప్పినవాడు వ్యాకరణం అడగడు. నేను తిరిగొచ్చాక ప్రార్థనలో అన్న మొదటి వాక్యం "నాకు నీ మీద చాలా కోపంగా ఉంది" అని. అది చెప్పడానికి నాకు పదకొండు నెలలు పట్టింది.

మధ్యలో ఒక మాట, ఇది మతానికి సంబంధించింది కాదు. నిద్ర పట్టక వెళ్లానన్నావు. ఇప్పుడు పడుతోందా? పడకపోయినా, కోర్సు తర్వాత దిగులో భయమో ఎక్కువవుతున్నా డాక్టరుకు చూపించుకో. ధ్యానం గానీ ప్రార్థన గానీ మందుకు బదులు కాదు.

ఆ కోపం సంగతి చెప్పకుండా బుద్ధుడి గురించి నా అభిప్రాయం చెప్పలేను. మా చెల్లెలి కొడుకు, పందొమ్మిదేళ్లవాడు, హైవే మీద బండి ప్రమాదంలో పోయాడు. మూడు రోజులు ఐసీయూలో ఉన్నాడు. ఆ మూడు రోజులూ బయట కుర్చీల దగ్గర ప్రార్థన బృందాలు వస్తూనే ఉన్నాయి. ఒకావిడ మా చెల్లెలి చెయ్యి పట్టుకుని "ఆవగింజంత విశ్వాసం ఉంటే కొండలు కదులుతాయమ్మా, నువ్వు నమ్ము చాలు" అంది. మంచి మనసుతోనే అంది. పిల్లాడు పోయాడు. అంటే మా చెల్లెలి దగ్గర ఆవగింజంత కూడా లేదన్నమాట. ఆ లెక్క ఎవరూ పైకి అనలేదు, దానికదే అది వేసుకుంది. భూస్థాపన రోజు ఇంకొకరు "దేవుడికి నచ్చిన పువ్వును కోసుకున్నాడు" అంటే, అది తలెత్తి "ఆయన తోట ఆయన పెంచుకోవచ్చుగా" అంది. ఆ తర్వాత మూడు వారాలు నోరు విప్పలేదు.

కిసాగౌతమి కథ నీకు తెలిసే ఉంటుంది. చచ్చిపోయిన బిడ్డను చంకన వేసుకుని మందు ఇమ్మని ఊరంతా తిరిగిన తల్లి. బుద్ధుడు కాదనడు. ఆవాలు తెమ్మంటాడు, ఎవరూ చనిపోని ఇంటి నుంచి తెమ్మంటాడు. ఆవాలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, చావు లేని ఇల్లే దొరకదు. సాయంత్రానికి ఆమె బిడ్డను శ్మశానంలో దించి తిరిగొస్తుంది. ఈ కథ నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అర్థమైంది మాత్రం మా చెల్లెలి వంటింట్లో. నాలుగో వారం ఒక పొద్దున అది పోపుల డబ్బా మూత తీసి, ఆవాల గిన్నెలో చెంచా పెట్టి, అలాగే నిలబడిపోయింది. నూనె పొగలొస్తోంది. ఎదురింటి పెద్దావిడ మజ్జిగ తెచ్చిచ్చి పోదామని వచ్చి, స్టవ్ కట్టేసి, గోడకు ఆనుకుని కింద కూర్చుని, తన కూతురి సంగతి చెప్పింది. ముప్పై ఏళ్ల కిందట, ఆరేళ్ల పిల్ల, కామెర్లు. పాతికేళ్లుగా ఎదురెదురు ఇళ్లు, ఆ పిల్ల ఒకత్తి ఉండేదని మాకు తెలీదు. ఆవిడ ఓదార్చలేదు, వాక్యం చెప్పలేదు, ఆవిడ క్రైస్తవురాలు కూడా కాదు. చెప్పి, మజ్జిగ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నం మా చెల్లెలు అన్నం తింది.

అందుకే నిజం చెబుతున్నాను. ఆ రోజుల్లో మా ఇంట్లో పనికొచ్చింది బుద్ధుడి ఆవగింజే. యేసు చెప్పిన ఆవగింజ కూడా మంచిదే, కానీ దాన్ని ఐసీయూ బయట తూకం రాయిలా వాడారు. నేను విపశ్యనకు వెళ్లింది ఆ తర్వాతే. బుద్ధుడి మీద నాకున్న గౌరవం పుస్తకాల వల్ల వచ్చింది కాదు. దుఃఖం ఉంది అని అడ్డదారి లేకుండా చెప్పినందుకు వచ్చింది.

మరి అక్కడే ఎందుకు ఉండిపోలేదు అంటావు. ఇది వాదం కాదు, నా సంగతి. బుద్ధుడి ఆఖరి రోజుల వర్ణనలో శిష్యుడు ఆనందుడు తలుపు వారన నిలబడి ఏడుస్తుంటాడు. బుద్ధుడు అతన్ని పిలిపించి, ఇన్నాళ్లూ ఎంత ప్రేమగా సేవ చేశావు అని మెచ్చుకుని, పుట్టింది పోక తప్పదని ఊరడిస్తాడు. చాలా అందమైన చోటు అది. పూర్తిగా విముక్తి పొందిన భిక్షువులు మాత్రం ఏడవరు, అన్నీ అనిత్యమని నిబ్బరంగా ఉంటారు. అది వాళ్ల గొప్పతనం. నేను యేసు స్నేహితుడు లాజరు సమాధి దగ్గరికి వచ్చి ఆగిపోతాను. కాసేపట్లో అతన్ని లేపబోతున్నానని యేసుకు తెలుసు. తెలిసీ ‘యేసు కన్నీళ్లు విడిచెను’. లేపబోయేవాడికి ఏడవాల్సిన పనేముంది? మా చెల్లెలి కొడుకు లేవలేదు, కాబట్టి ఆ అద్భుతం నాకు పెద్దగా సాయం చెయ్యలేదు. ఆ కన్నీళ్లు చేశాయి. దుఃఖం దాటిపోయినవాడు నాకు గురువు కాగలడు. నాకు మొర పెట్టుకోవడానికి ఏడ్చేవాడు కావాలి. నీకు ఏం కావాలో నాకు తెలీదు. కానీ నీ ప్రశ్నకు జవాబు ఆ వైపు నుంచి వస్తుంది గానీ, ఏ మతం పాతది, ఏది సైంటిఫిక్ అనే వైపు నుంచి రాదు.

ఇద్దర్నీ పట్టుకోవచ్చా అన్నావు. ఇద్దరి దగ్గరా నేర్చుకోవచ్చు. ఇద్దరూ ఒకే మాట చెప్పారని మాత్రం అనుకోకు. మన దగ్గర ‘అన్నీ ఒకటేనండీ’ అనే మాట తేలిగ్గా దొర్లుతుంది, అలా అనేవాళ్లు ఏ ఒక్కటీ కుదురుగా చదవలేదని నా అనుమానం. బుద్ధుడి మాటల పుస్తకం ధమ్మపదంలో ‘అత్తా హి అత్తనో నాథో, కో హి నాథో పరో సియా’ అని ఉంది. తనకు తానే దిక్కు, మరొకరెవరు దిక్కవుతారు అని. సండే స్కూల్లో మనం బట్టీ పట్టిన నూట ఇరవై ఒకటో కీర్తన ‘కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను, నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును?’ అని మొదలవుతుంది. ఒకటి లోపలికి చూడమంటుంది, ఒకటి పైకి. బుద్ధుడు చూపిన దారికి సృష్టికర్తతో పని లేదు, శాశ్వతమైన ఆత్మ అంటూ ఒకటుందని ఆయన ఒప్పుకోలేదు. మనకు ఆ రెండూ తీసేస్తే మిగిలేది తక్కువ. గోయెంకా గారి సాయంత్రం ప్రసంగాల్లో వెనకటి జన్మల సంస్కారాల మాట వచ్చినప్పుడల్లా నేను గోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాను. ఒక్కచోట మాత్రం ఇద్దరి గొంతూ దగ్గరగా వినిపిస్తుంది. తన ధర్మాన్ని బుద్ధుడు ‘ఎహిపస్సికో’ అన్నాడు, వచ్చి చూడమని పిలిచేది అని అర్థం. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో, నువ్వెక్కడ ఉంటావని వెంటపడ్డ ఇద్దరికీ యేసు ఇచ్చిన జవాబు కూడా వచ్చి చూడమనే.

వెళ్లి చూసినవాళ్లు నీకు ముందు చాలామంది ఉన్నారు. కొడైకెనాల్ దగ్గర పెరుమాళ్‌మలైలో బోధి జెన్‌దో అనే ధ్యాన కేంద్రం పెట్టింది ఏఎంఏ సామి అనే జెస్యూట్ క్యాథలిక్ ఫాదరే. అమెరికన్ క్యాథలిక్ సన్యాసి థామస్ మెర్టన్ 1968లో దలైలామాను కలిసి, శ్రీలంక పొలన్నరువలో రాతి బుద్ధుల ముందు చెప్పుల్లేకుండా నిలబడి, కొద్దిరోజులకే బ్యాంకాక్‌లో చనిపోయాడు. చూడకుండా మాట్లాడితే పెద్దవాళ్లకైనా చిక్కే. రెండో జాన్‌పాల్ పోప్ 1994లో తన పుస్తకంలో బౌద్ధం చాలావరకు నాస్తిక వ్యవస్థ అని రాస్తే, మరుసటి జనవరిలో ఆయన కొలంబో వెళ్లినప్పుడు అక్కడి బౌద్ధ పెద్దలు సభకు రాలేదు. ఇంకో తమాషా విను. మధ్యయుగాల యూరప్‌లో జోసఫాత్ అనే సెయింటు కథ ఇంటింటా చెప్పుకునేవారు. భారతదేశపు రాజకుమారుడు, రోగినీ ముసలివాణ్ణీ చూసి రాజ్యం వదిలేశాడు. గుర్తుపట్టావా? ‘బోధిసత్వ’ అనే మాటే అరబ్బీ, జార్జియన్, గ్రీకు నోళ్లలో నలిగి జోసఫాత్ అయింది. రోమన్ క్యాథలిక్కుల సెయింట్ల పట్టికలో నవంబరు 27న ఆయన పండుగ కూడా ఉండేది. తెలియకుండానే శతాబ్దాల పాటు బుద్ధుణ్ణి సెయింటుగా పెట్టుకున్నారన్నమాట.

ఇప్పుడు నీ రూమ్మేట్ మాట. అతన్ని కొట్టిపారేయకు. అంటరానివాళ్లు ఒకప్పటి బౌద్ధులేనని అంబేడ్కర్ 1948లో రాశారు. చరిత్రకారులందరూ ఒప్పుకోలేదు గానీ, కృష్ణ ఒడ్డున ఒకప్పుడు బౌద్ధం వెలిగిందనడానికి అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, నాగార్జునకొండ ఉన్నాయి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన లక్షలమందితో బౌద్ధం తీసుకున్నది టెన్షన్ తగ్గడానికి కాదు, మనిషిగా నిలబడటానికి. చర్చిలోకి కులం ఎందుకొచ్చిందని ఆయన మనల్ని అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు. మాలలకొక చర్చి, మాదిగలకొక చర్చి ఉన్న ఊళ్లు నాకు తెలుసు. నీకూ తెలుసు.

కానీ ‘తెల్లదొరలిచ్చిన మతం’ దగ్గర నాకు ఒళ్లు మండుతుంది. 1876–78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలో కలుస్తున్నారన్న మాట రాకూడదని అప్పట్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ పని ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా తాతమ్మ అత్తగారు అందులో ఉందని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆవిడకు చదువు లేదు, సెంటు భూమి లేదు. దొర ఇస్తే పుచ్చుకుందంటే ఆవిడకు సొంత బుర్ర లేదన్నట్టే. వాళ్లకు ముందు 1866లో బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దాయన అప్పటికే రాజయోగం సాధన చేసినవాడు. ధ్యానం తెలిసిన మనిషి యేసు దగ్గరికి రావడం మా జిల్లాలో మొదటి పేజీలోనే ఉంది.

సర్టిఫికెట్ సంగతి తొందరగా చెప్పేస్తాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనల్ని, అంటే దళిత క్రైస్తవుల్ని, చేర్చలేదు, ఆంధ్రలో మనం బీసీ–సి. మతం మారితే వాడకట్టు మారదు కాబట్టి ఇది అన్యాయమే. 2023 మార్చిలో ఆంధ్ర అసెంబ్లీ ఇదే అడుగుతూ తీర్మానం చేసింది. అన్యాయం మీద కొట్లాడు. సర్టిఫికెట్ కోసం బుద్ధుణ్ణి శరణు వేడితే మాత్రం అవమానం బుద్ధుడికే. నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం మారడం రాజ్యాంగాన్ని మోసగించడమని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా అంది.

పదో రోజు నా సంచి తిరిగి ఇచ్చారు. ‘బుక్ 1’ అని రాసిన ఆ చీటీని నేను పారేయలేదు. కీర్తనల దగ్గర ఈతాకు సిలువ పక్కనే పెట్టుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి రెండూ.

ఇక మీ నాన్నగారు. డిసెంబరు 31 రాత్రి, గుడి నిండా జనం, పన్నెండు దగ్గరపడుతుంటే ఆయన మొహం చూస్తూ ఈ సంగతి చెప్పాలనుకుంటున్నావేమో, వద్దు. అది సాక్ష్యం అవదు, ఆయన్ని జనంలో నిలబెట్టినట్టవుతుంది. అలాగని ఏదో ఉద్యోగం నిలబడిందని అల్లి చెప్పొద్దు. ఈ ఏడు నన్ను వదిలెయ్యి నాన్నా అను. కారణం ముందే, ఆయనకు ఒక్కడికే చెప్పు, ఫోన్లో కాకుండా ఊరెళ్లి చెప్పు. వాట్సాప్‌లో ఎవరో ఆయనకు చేరవెయ్యకముందే చెప్పు. ‘బౌద్ధం’ అనే మాటతో మొదలెట్టకు. నిద్ర పట్టని రాత్రుల నుంచి మొదలెట్టు. కొడుకు నిద్రపోవడం లేదని ఆయనకు తెలుసా అసలు?

వీలైతే ఒక రోజు ఆయన్ని అమరావతి తీసుకెళ్లు, గుంటూరు నుంచి ఎంతో దూరం లేదు. మంచి శిల్పాలు చాలావరకు మద్రాసుకూ లండన్‌కూ పోయాయి, మిగిలిన రాళ్లే ఉన్నాయి. అయినా ఆ పాత శిల్పకళలో ఒక విశేషం ఆయనకు చెప్పు. మొదట్లో బుద్ధుడి బొమ్మ చెక్కేవారు కాదు. ఖాళీ ఆసనం, పాదాల గుర్తులు, చక్రం, వాటి ముందు చేతులు జోడించిన జనం. విగ్రహారాధన అనే మాట ఆయన నోటి దాకా వచ్చేలోపే ఆ ఖాళీ ఆసనం సంగతి చెప్పేయాలి మరి!

నేను మా పాస్టరు అయ్యగారికి చెప్పడానికి రెండేళ్లు తీసుకున్నాను. భయపడుతూ అంతా చెప్పాను, శరణాల దగ్గర నోరు మూసుకున్నదీ, తర్వాత దేవుడి మీద కోపగించుకున్నదీ. ఆయన చాలాసేపు ఊరుకుని, "అక్కడ భోజనం ఎలా ఉంటుందమ్మా?" అని అడిగారు. సాయంత్రం అయిదుకు టీ, మరమరాలు, ఒక పండు, అంతేనండీ అన్నాను. "అయితే నావల్ల కాదు" అన్నారు. మీ నాన్నగారు ఏమన్నారో నాకు రాయి.